మ్యాట్ మీద అసలు కథ: పాత రెజ్లింగ్ పోరాటాల్లో పట్టును చదవడం ఎలా?

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే నిర్ణయమై ఉంటాయన్న సంగతి ఇప్పుడు పిల్లలకు కూడా తెలుసు. ఆ సంగతి తెలిశాక చాలామందికి ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఫలితం ఖాయమైనప్పుడు ఇద్దరు మనుషులు ఒక మణికట్టు కోసం పది నిమిషాలసేపు నేలమీద పెనుగులాడటం దేనికి? పైకెత్తి పడేయడం, తాళ్ళ మీదనుంచి దూకడం, కుర్చీతో బాదడం వంటివి కంటికి వెంటనే ఆనుతాయి. ఒకరి చేతిని ఒకరు మెలిపెడుతూ మెల్లగా కదిలే ఘట్టం మాత్రం అసలు పోరుకు ముందు జరిగే కాలక్షేపంలా, ఊపిరి తీసుకోవడానికి దొరికిన విరామంలా కనిపిస్తుంది. తెలుగునాట 1990లలో కేబుల్ టీవీతోనూ ట్రంప్ కార్డులతోనూ ఈ ఆటకు అలవాటుపడిన తరానికి ఆ అభిప్రాయం మరింత సహజంగా ఏర్పడింది. ఆ కార్డుల మీద ఎత్తు, బరువు, ఛాతీ, కండల కొలతలు ఉండేవి గానీ, ఎవరికి ఎన్ని పట్లు తెలుసో చెప్పే గడి ఉండేది కాదు.

ఈ అభిప్రాయాన్ని మార్చుకోవలసిన అవసరం ఉందని నా నమ్మకం. పాతకాలపు మేటి పోరాటాలలో కథ మొదలయ్యేదీ, చివరి పట్టుకు కారణం సిద్ధమయ్యేదీ మ్యాట్ మీదే, అంటే రింగ్ లోపలి నేలమీదే. అక్కడ ఏం జరుగుతున్నదో చదవగలిగిన ప్రేక్షకుడికి అరవై నిమిషాల పోరు కూడా అతి తక్కువ సమయంలో ముగిసినట్టు తోస్తుంది. చదవలేనివాడికి ఐదు నిమిషాలే భారమవుతాయి. ఫలితం ముందే తెలియడం ఇందుకు అడ్డంకి కానక్కరలేదు. పద్యనాటకానికి వెళ్ళే మన ప్రేక్షకుడికి రాయబారం విఫలమవుతుందని బాగా తెలుసు. అయినా అతను తెల్లవార్లూ కూర్చునేది సంధి కుదురుతుందేమోనన్న ఆశతో కాదు, పద్యాన్ని నటుడు ఎలా ఎత్తుకుంటాడు, రాగాన్ని ఎక్కడ నిలుపుతాడు అన్నది వినడానికి. మ్యాట్ రెజ్లింగ్‌ను చూడవలసింది కూడా ఆ శ్రద్ధతోనే.

అయితే ఈ పట్లు ప్రదర్శన కోసం కల్పించినవి కావన్న విషయం ముందు గుర్తుంచుకోవాలి. ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతమైన లాంకషైర్‌లో, గనికార్మికులు నివసించే ఊళ్ళలో, క్యాచ్ యాజ్ క్యాచ్ క్యాన్ అనే కుస్తీ పద్ధతి పందేల మీద సాగేది. గ్రీకో రోమన్ పద్ధతిలో నడుము కింద పట్టుకోవడం నిషేధం. క్యాచ్‌లో కాలు, చీలమండ, మోకాలు, మణికట్టు, మెడ, ఏది దొరికితే అది పట్టుకోవచ్చు. గెలవడానికి రెండు దారులు ఉండేవి: ప్రత్యర్థి భుజాలు రెండూ నేలకు ఆనించి చిత్తు చేయడం, లేదా కీలును తిప్పి అతని చేత ఓటమి ఒప్పించడం. ఈ రెండు దారులూ ఒకదాన్నొకటి పోషించుకుంటాయి. చిత్తు కాకుండా తప్పించుకునే తొందరలో చెయ్యి చాపినవాడు ఆ చేతిని పోగొట్టుకుంటాడు. చేతిని కాపాడుకోవాలని వెల్లకిలా తిరిగినవాడి భుజాలు నేలకు అంటుకుంటాయి. పాత రెజ్లింగ్‌లో కనిపించే ప్రతి మంచి మ్యాట్ ఘట్టం వెనుకా ఈ ద్వంద్వ ప్రమాదమే ఉంటుంది.

మన గామా పహిల్వాన్‌కు ఈ లోకంతో నేరుగా పరిచయం ఉంది. 1910 సెప్టెంబర్ 10న లండన్‌లో ఆయన పోలండ్‌కు చెందిన స్టానిస్లాస్ జిబిస్కోతో తలపడ్డాడు. గామా కంటే చాలా బరువైన జిబిస్కో, నిలబడి పోరాడితే లాభం లేదని త్వరలోనే గ్రహించి, మోకాళ్ళూ అరచేతులూ మ్యాట్‌కు ఆనించి రక్షణలో పడ్డాడు. రెండున్నర గంటలకు పైగా గామా అతన్ని వెల్లకిలా తిప్పలేకపోయాడు, అతను గామాకు ఎదురుదాడి ఇవ్వలేకపోయాడు. పోరు తేలకుండానే ముగిసింది. వారం తర్వాత జరగవలసిన మలిపోరుకు జిబిస్కో రాలేదు. 1928లో పటియాలాలో మళ్ళీ ఎదురుపడినప్పుడు గామా అతన్ని నిమిషం తిరగకుండానే చిత్తు చేశాడు. లండన్ పోరును జిబిస్కో పిరికితనానికి ఉదాహరణగా చెప్పేవాళ్ళు ఉన్నారు గానీ, నాకు అందులో మరో సంగతి కనిపిస్తుంది. నేలమీద సరైన భంగిమలో కూర్చున్న నిపుణుడిని కదిలించడం ప్రపంచంలోని మేటి మల్లుడికి కూడా ఎంత కష్టమో అది చూపించింది. టీవీలో ఒకడు మోకాళ్ళ మీద ఉండి మరొకడు అతని వీపు మీద వాలి ఉన్నప్పుడు ఏమీ జరగడం లేదనుకునేవాళ్ళు ఈ రెండున్నర గంటలను గుర్తు చేసుకోవాలి.

నిజమైన పోరాటాలు ఎంత దీర్ఘంగా ఉండేవో చెప్పడానికి 1916 జూలై 4న ఒమాహాలో జో స్టెచర్, ఎడ్ స్ట్రాంగ్లర్ లూయిస్‌ల మధ్య జరిగిన పోరు చాలు. దాదాపు ఐదు గంటలు సాగి అది కూడా తేలకుండానే ముగిసింది. టికెట్ కొన్న జనం ఎంతకని ఓపిక పడతారు? 1920లలో లూయిస్, అతని మేనేజర్ బిల్లీ శాండో, మరో రెజ్లర్ టూట్స్ మాంట్ కలిసి కాలపరిమితిని, వేగాన్ని, కంటికి ఇంపైన ఎత్తులను చేర్చి రెజ్లింగ్‌ను పూర్తి స్థాయి ప్రదర్శనగా మలిచారు. ఫలితాలు కార్యాలయంలో నిర్ణయమయ్యాయి. పట్లు మాత్రం పోలేదు. అందుకు కారణాన్ని కూడా జిబిస్కోయే మరోసారి చూపించాడు. 1925లో ఛాంపియన్‌గా నిలబెట్టిన వేన్ మన్ అనే భారీకాయుడు అసలు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, కుస్తీ అంతగా తెలియనివాడు. ఏప్రిల్ 15న ఫిలడెల్ఫియాలో అతని చేతిలో ఓడిపోవలసిన జిబిస్కో, ఒప్పందాన్ని పక్కనపెట్టి అతన్ని నిజంగానే చిత్తు చేసి బెల్టు పట్టుకుపోయాడు. ఆ దెబ్బ తిన్న తర్వాత, బెల్టును కాపాడుకోగల అసలైన విద్య ఉన్నవాడే ఛాంపియన్ కావాలన్న పట్టుదల వ్యాపారంలో చాలాకాలం నిలిచింది. కీళ్ళను నిజంగా విరవగల హుక్ పట్లు తెలిసినవాళ్ళను ఆ వృత్తిలో హుకర్లు అనేవారు. 1948లో అయోవా రాష్ట్రంలోని వాటర్లూలో ఏర్పడిన నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ తన ఛాంపియన్‌గా హుకర్ అయిన లూ థెజ్‌ను ముందుకు తీసుకురావడంలో ఈ ఆలోచన స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక ఒక పట్టును దగ్గరగా చూద్దాం. క్యాచ్‌లో డబుల్ రిస్ట్‌లాక్ అనేది మూలస్తంభం వంటి పట్టు. ప్రత్యర్థి కుడిచేయి మోచేతి దగ్గర వంగి ఉందనుకోండి. ఎదురుగా ఉన్నవాడు తన ఎడమచేత్తో అతని మణికట్టు పట్టుకుంటాడు. తన కుడిచేతిని అతని పైచేతి మీదుగా పోనిచ్చి, కిందినుంచి తిప్పి, తన ఎడమ మణికట్టును తానే పట్టుకుంటాడు. ఇప్పుడు ఇద్దరి చేతులూ కలిసి విడదీయరాని చట్రంగా బిగుసుకుంటాయి. మోచేతి వంపు లంబకోణం నుంచి చెదరకుండా ఉంచి, ముంజేతిని వీపు వెనుకకు, పైకి తిప్పితే, మోచేతి నుంచి మణికట్టు వరకూ ఉన్న పొడవంతా మీటగా పనిచేసి బరువంతా భుజం కీలు మీద పడుతుంది. చేతి బలంతో తిప్పేవాడు త్వరగా అలసిపోతాడు. తెలిసినవాడు తన ఛాతీని ప్రత్యర్థి భుజానికి ఆనించి, నడుమును తిప్పి, మొత్తం ఒంటితో తిప్పుతాడు. అందుచేత ఈ పట్టు ఎంత బలంగా పడిందో తెలుసుకోవాలంటే చేతులను కాకుండా నడుమును చూడాలి.

చిక్కుకున్నవాడికి కూడా చేయగలిగినవి ఉన్నాయి. తన రెండు చేతులనూ ఒకదానితో ఒకటి పెనవేసుకోవచ్చు, లేదా తన తొడనో నడుమునో గట్టిగా పట్టుకుని ముంజేయి వెనక్కి వెళ్ళకుండా ఆపవచ్చు. చేతిని చాచి లంబకోణాన్ని చెడగొట్టవచ్చు, కానీ చాచిన చేయి, మోచేతిని తిన్నగా ఉంచి వెనక్కి విరిచే ఆర్మ్‌బార్‌కు దొరికిపోతుంది. మెలి తిరుగుతున్న దిశలోనే తాను కూడా ముందుకు దొర్లి ఒత్తిడిని వదిలించుకోవచ్చు, కానీ దొర్లేటప్పుడు క్షణకాలం భుజాలు నేలకు తాకుతాయి. ప్రతి జవాబూ ఒక కొత్త ప్రమాదానికి తలుపు తీస్తుంది. రింగ్‌లో ఇద్దరు నిపుణులు పట్టు, విరుగుడు, మళ్ళీ పట్టు అని గొలుసుగా సాగిపోయే దాన్ని చైన్ రెజ్లింగ్ అంటారు. దాని రుచి అంతా ఈ తెంపులేని తర్కంలోనే ఉంది.

ఈ పట్టు ఉత్తుత్తి నటన కాదనడానికి చరిత్రలో సాక్ష్యం కావలసినంత ఉంది. 1951లో రియో డి జెనీరోలోని మరకానా స్టేడియంలో జపాన్ జూడో యోధుడు మసాహికో కిమురా, హీలియో గ్రేసీని ఓడించింది దీనితోనే. బ్రెజిల్ వాళ్ళు ఆ తర్వాత ఈ పట్టుకు అతని పేరే పెట్టుకున్నారు. 1976 డిసెంబర్ 12న కరాచీ నేషనల్ స్టేడియంలో గామా సోదరుడి కుమారుడైన అక్రమ్ పహిల్వాన్‌కు, జపాన్ ప్రొఫెషనల్ రెజ్లర్ ఆంటోనియో ఇనోకికి జరిగిన పోరు మాట మీద నడవక నిజమైన తగాదాగా మారినప్పుడు, మూడో రౌండ్‌లో ఇనోకి వేసింది ఈ పట్టే. అక్రమ్ భుజం దెబ్బతిని పోరు ఆగిపోయింది. లండన్‌లో గామాను ఎదుర్కొన్న విద్యకు వారసుడైనవాడు, ఆరు దశాబ్దాల తర్వాత గామా ఇంటివాడినే ఆ విద్యతో ఓడించడం నన్ను ఇప్పటికీ కదిలించే సంగతి.

ఇంత ప్రమాదకరమైన పట్టును ప్రదర్శనలో ఎలా వాడతారు? ఇక్కడే ప్రొఫెషనల్ రెజ్లర్ కళ మొదలవుతుంది. పట్టు ఆకారం పూర్తిగా నిజమైనదే అయి ఉండాలి, చివరి అంగుళం మాత్రం తిప్పకూడదు. ఆ మిగిలిన అంగుళపు బాధను చిక్కుకున్నవాడు తన ఒంటితో చూపించాలి. దీన్నే వృత్తిలో సెల్లింగ్ అంటారు. చేతకాని సెల్లింగ్ ముఖంలోనే ఆగిపోతుంది. మంచి సెల్లింగ్‌లో మడమలు మ్యాట్‌ను తన్నుతాయి, ఖాళీగా ఉన్న చేయి ఒకసారి తాడు కోసం, ఒకసారి ప్రత్యర్థి వేళ్ళ కోసం వెతుకుతుంది, పట్టు వదిలాక కూడా ఆ చేయి కాసేపు ఒంటికి దూరంగా వేలాడుతుంది. తాడును అందుకుంటే పట్టు వదలాలన్న నిబంధన ఉంది కాబట్టి రింగ్ మధ్యలో పడిన పట్టుకూ, తాడుకు మూరెడు దూరంలో పడిన పట్టుకూ అర్థం వేరు. ఆ దూరాన్ని అంచనా వేసుకుంటూ చూసేవాడికి ఒకే పట్టు ఒక్కోసారి ఒక్కో కథ చెబుతుంది.

అన్ని నేల ఘట్టాలూ గొప్పవని నేను అనడం లేదు. గడ్డం కింద చెయ్యి వేసి కూర్చుని, తర్వాతి ఎత్తుల గురించి గుసగుసలాడుకుంటూ ఊపిరి తీసుకునే రెస్ట్ హోల్డ్‌లు పాత కాలంలో కూడా చాలానే ఉండేవి. తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. నిజంగా పనిచేస్తున్న పట్టులో ఇరవై సెకన్లకొకసారైనా ఏదో ఒకటి మారుతూ ఉంటుంది: పైనున్నవాడు వేళ్ళ బిగింపు మార్చుకుంటాడు, కిందివాడు మోకాలు లోపలికి లాక్కుంటాడు, నడుము పక్కకు జరుగుతుంది, పైవాడు దాన్ని గమనించి తన బరువును అటు మోపుతాడు. ప్రత్యర్థి తలను చేతితో చుట్టి బిగించే మామూలు హెడ్‌లాక్‌తో కూడా ఇది సాధ్యమే. లూయిస్ హెడ్‌లాక్‌తోనే అమెరికా అంతటా పేరు తెచ్చుకున్నాడు. అలాంటి మార్పు ఏదీ లేకుండా రెండు శరీరాలూ నిశ్చలంగా ఉంటే అది విశ్రాంతే, దాన్ని గొప్పగా చెప్పుకోవలసిన పని లేదు.

ఈ కళ పరిపూర్ణంగా కనిపించే పోరు ఏది అని ఎవరైనా అడిగితే నేను సంకోచం లేకుండా చెప్పేది 1975 డిసెంబర్ 11న టోక్యోలోని కురమాయె కొకుగికాన్‌లో ఇనోకి, బిల్లీ రాబిన్సన్‌ల మధ్య జరిగిన పోరు. దాని నేపథ్యమే ఎంతో ఆసక్తికరం. లాంకషైర్‌లోని విగన్ పట్టణంలో బిల్లీ రైలీ అనే వస్తాదు నడిపిన తాలింఖానా వంటి జిమ్ ఉండేది. స్నేక్ పిట్ అన్న పేరుతో ప్రసిద్ధమైన ఆ చోట రాబిన్సన్ ఏళ్ళ తరబడి నలిగి తయారయ్యాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో బెల్జియం తరఫున కుస్తీ పట్టిన కార్ల్ గాచ్ కూడా ఆ జిమ్‌లోనే క్యాచ్ నేర్చుకున్నాడు. జపాన్ అభిమానులు రెజ్లింగ్ దేవుడని పిలుచుకున్న ఆ గాచ్ దగ్గర ఇనోకి శిష్యరికం చేశాడు. అంటే ఆ రాత్రి రింగ్‌లోకి దిగిన ఇద్దరివీ ఒకే విద్య తాలూకు రెండు శాఖలు. రింగ్ పక్కన గాచ్, థెజ్ ఇద్దరూ కూర్చుని ఉన్నారు.

పోరు అరవై నిమిషాల పరిమితితో, మూడింట రెండు ఫాల్స్ (చిత్తు చేసి గానీ ఓటమి ఒప్పించి గానీ గెలిచే ఒక్కో అంకం ఒక ఫాల్) గెలిచినవాడిదే విజయమన్న పద్ధతిలో, ఇనోకి దగ్గరున్న ఎన్‌డబ్ల్యూఎఫ్ (నేషనల్ రెజ్లింగ్ ఫెడరేషన్) హెవీవెయిట్ బెల్టు కోసం జరిగింది. మొదటి ఫాల్ తేలడానికే దాదాపు 43 నిమిషాలు పట్టింది. ఆ 43 నిమిషాల్లో తొందర లేదు. ఇద్దరూ ఒకరి విద్యను ఒకరు పరీక్షించుకుంటారు, పరీక్షలో తెలిసిన దాన్ని మరోసారి వాడుకుంటారు, మొదట పనిచేసిన విరుగుడు రెండోసారి పనిచేయకుండా దారి మూసేస్తారు. చివరికి ఆ ఫాల్‌ను రాబిన్సన్ గెలుచుకున్నది భయంకరమైన పట్టుతో కాదు, బ్యాక్‌స్లైడ్‌తో. వీపుకు వీపు ఆనించి, రెండు చేతులనూ లంకె వేసి, ముందుకు వంగి ప్రత్యర్థిని తన వీపు మీదుగా జార్చి భుజాలను నేలకు అదిమిపెట్టే సామాన్యమైన ఎత్తు అది. కీళ్ళ పట్ల గురించే ఆలోచిస్తూ అలసిన మనిషి భుజాల సంగతి మరిచిన ఒక్క క్షణం చాలింది. నేను పైన చెప్పిన ద్వంద్వ ప్రమాదం ఇంత స్పష్టంగా కనిపించే ముగింపు మరొకటి నాకు తెలియదు.

ఆ తర్వాత గడియారం కూడా పోరులో పాత్రధారి అవుతుంది. రాబిన్సన్‌కు ఇక పదిహేడు నిమిషాలు ఓడిపోకుండా ఉంటే చాలు, ఇనోకి మాత్రం ఎలాగైనా ఒక ఫాల్ గెలవాలి. అంతవరకూ సమానంగా సాగిన పట్లలో ఇప్పుడు ఒకరిది వేగం, మరొకరిది నింపాది. నాలుగు నిమిషాలు కూడా మిగలని దశలో ఇనోకి తన పేరెన్నికగన్న ఆక్టోపస్ పట్టు వేశాడు. వంగి ఉన్న ప్రత్యర్థి కాలికి ఒక కాలితో లంకె వేసి, రెండో కాలిని అతని మెడ మీదుగా వేసి, పైకి లేచిన చేతిని వెనక్కి విరుస్తూ తన బరువంతా అతని మీదే మోపే పట్టు అది. రాబిన్సన్ ఓటమి ఒప్పుకున్నాడు. మిగిలిన కొద్ది నిమిషాలు ఇద్దరూ మూడో ఫాల్ కోసం విశ్వప్రయత్నం చేశారు గానీ గంట మోగింది, పోరు సమమైంది, బెల్టు ఇనోకి దగ్గరే మిగిలింది. ఫలితాన్ని ముందే రాసుకున్నవాళ్ళు ఎవరైనా సరే, ఆ అరవై నిమిషాల ఒత్తిడిని కాగితం మీద రాయలేరు. అది ఇద్దరు మనుషుల ఒళ్ళలో ఉన్న విద్య.

బ్రిటన్‌లో ఇదే విద్య మరో రూపం దాల్చింది. అక్కడ 1947లో అడ్మిరల్ లార్డ్ మౌంట్‌ఎవన్స్ పేరుతో వచ్చిన నిబంధనలు రౌండ్లను, బరువు తరగతులను, బహిరంగ హెచ్చరికలను ఏర్పరిచాయి. వాటిలో మ్యాట్ రెజ్లింగ్‌ను తీర్చిదిద్దిన అంశం ఒకటి ఉంది: కింద పడినవాడిని వదిలేసి మళ్ళీ మీదపడకూడదు, లేచే అవకాశం ఇవ్వాలి, పట్టు తెగకుండా కొనసాగుతున్నప్పుడే నేలమీద పోరు సాగించవచ్చు. కాబట్టి ప్రత్యర్థిని పడగొట్టినవాడు చేతికి అందిన మణికట్టునో చీలమండనో వదలకుండా పట్టుకునే ఉండాలి. బ్రిటిష్ పోరాటాల్లో ఒక పట్టులోంచి ఇంకో పట్టు అతుకు కనబడకుండా పుట్టడానికి నా దృష్టిలో ఈ నిబంధనే ముఖ్య కారణం. ఐటీవీ ఛానల్‌లో శనివారం మధ్యాహ్నాల్లో ఈ పోరాటాలను ఇళ్ళలో కూర్చుని లక్షలాదిమంది చూసేవారు.

ఆ తరంలో జానీ సెయింట్‌ను చూసి తీరాలి. ఎవరైనా అతని మణికట్టును మెలిపెడితే అతను ముందుకు దొర్లి, పక్కకు పల్టీ కొట్టి లేచి నిలబడేసరికి మెలి మాయమవుతుంది. మొదటిసారి చూసేవారికి అది సర్కస్ విన్యాసంలా అనిపిస్తుంది. లెక్క మాత్రం చాలా సూటిగా ఉంది: చేతిని ఎటువైపు ఎంత తిప్పారో, ఒళ్ళంతా అటువైపే అంత తిరిగితే భుజానికి మిగిలే మెలి సున్నా. తెలివైన ప్రత్యర్థి మరోసారి మెలిపెట్టేటప్పుడు ఆ చేతిని తన ఒంటికి దగ్గరగా లాక్కుని, లేదా మోకాలితో నేలకు అదిమి, దొర్లడానికి చోటు లేకుండా చేస్తాడు. సెయింట్ అప్పుడు మరో జవాబు వెతకాలి. డండీ పట్టణానికి చెందిన జార్జ్ కిడ్ అంతకుముందే నడిచిన బాటలో, అతను ఒక్కోసారి కాళ్ళూ చేతులూ లోపలికి ముడుచుకుని మ్యాట్ మీద ఉండలా కూర్చునేవాడు. పట్టుకోవడానికి ఒక్క అంచు కూడా దొరకని ప్రత్యర్థి చుట్టూ తిరిగి చివరికి చెయ్యి చాపితే, ఆ చెయ్యే సెయింట్‌కు దొరికే మొదటి పట్టు. అదే తరంలోని జిమ్ బ్రేక్స్ దీనికి పూర్తి వ్యతిరేకం. అతను పోరు మొత్తం ఒకే చేతిని వెంటాడి, వేళ్ళు, మణికట్టు, మోచేయి, భుజం వరుసగా పాడుచేస్తూ, చివరికి ఆ చేతిని పట్టుకునే ప్రత్యర్థిని గాలిలోకి లేపి ఓటమి ఒప్పించేవాడు. ఇద్దరినీ ఒకే రింగ్‌లో చూడటమంటే, పట్టుల శాస్త్రంలో రెండు సిద్ధాంతాల వాదనను వినడమే.

ఒకే అవయవం మీద పనిచేయడం అమెరికా రెజ్లింగ్‌లో కథ చెప్పే ప్రధాన పద్ధతిగా స్థిరపడింది. అందుకు అక్కడి వ్యాపార పద్ధతి కొంత కారణం. నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ ఛాంపియన్ ఊరూరా తిరిగి స్థానిక వీరులతో తలపడాలి, బెల్టు పోకూడదు, స్థానికుడి పరువూ పోకూడదు. గంటసేపు సాగి సమంగా ముగిసే పోరు ఈ రెండింటినీ కాపాడేది. గంటసేపు నమ్మదగినట్టు పోరాడాలంటే మ్యాట్ విద్య తప్పదు. 1969 నుంచి 1973 వరకు ఛాంపియన్‌గా ఉన్న డోరీ ఫంక్ జూనియర్, ఒక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి జాతీయ కళాశాల కుస్తీ విజేతగా వచ్చిన జాక్ బ్రిస్కో ఈ పద్ధతికి ప్రమాణంగా నిలిచిన జంట.

ఈ పద్ధతి ఎంతదూరం పోగలదో 1989 ఏప్రిల్ 2న న్యూ ఆర్లీన్స్‌లో రిక్ ఫ్లేర్, రికీ స్టీమ్‌బోట్ చూపించారు. మూడింట రెండు ఫాల్స్ పద్ధతిలో సాగిన ఆ పోరు 55 నిమిషాలకు పైగా నడిచింది. మొదటి ఫాల్ ఫ్లేర్‌ది. రెండోదాన్ని స్టీమ్‌బోట్, ప్రత్యర్థి రెండు చేతులనూ వెనక్కి మడిచి పైకెత్తే డబుల్ చికెన్‌వింగ్ పట్టుతో గెలిచాడు. ఫ్లేర్ గురి మొత్తం కాలు మీద ఉంటుంది. అతని ఫిగర్ ఫోర్ పట్టు మోకాలి కోసమే. మూడో ఫాల్‌లో స్టీమ్‌బోట్ మళ్ళీ చికెన్‌వింగ్ వేసి ఫ్లేర్‌ను పైకెత్తబోయినప్పుడు, అంతసేపు దెబ్బలు తిన్న తన కాలు సహకరించక ఇద్దరూ వెనక్కి కూలారు. ఫ్లేర్ భుజాలు నేలకు అంటుకోగా రెఫరీ మూడు లెక్కపెట్టాడు. ఫ్లేర్ కాలు తాడు దగ్గర ఉండటాన్ని రెఫరీ గమనించలేదు, వివాదం అక్కడే మొదలై మరో పోరుకు దారితీసింది. ఫ్లేర్ తాను స్వయంగా పాడుచేసిన కాలు వల్లే తాను కూలిపోయాడు. మోకాలి మీద సాగిన పనిని అంతకుముందు విసుగ్గా దాటేసినవాడికి ఈ ముగింపు కాకతాళీయంగా కనిపిస్తుంది.

మన పాఠకులకు బాగా తెలిసిన బ్రెట్ హార్ట్ పోరుతో దీన్ని ముగిస్తాను. 1991 ఆగస్ట్ 26న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అతను మిస్టర్ పర్ఫెక్ట్ అనే పేరుతో ఆడే కర్ట్ హెన్నిగ్‌ను ఓడించి ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు గెలుచుకున్నాడు. ఇద్దరూ రెజ్లర్ల కొడుకులే. బ్రెట్‌ది కెనడాలోని కాల్గరీ, తండ్రి స్టూ హార్ట్ ఇంటి నేలమాళిగలో పట్లు నేర్పే పేరున్న గది ఉండేది. చివర్లో బ్రెట్ వెల్లకిలా పడి ఉండగా, హెన్నిగ్ అతని కాళ్ళు పట్టుకుని తన కాలితో కిందికి దెబ్బ వేయబోయాడు. బ్రెట్ పడుకునే ఆ కాలిని పట్టి, తన కాళ్ళతో లంకె వేసి, అక్కడినుంచే తిప్పి షార్ప్‌షూటర్ బిగించాడు. జపాన్‌లో రికీ చోషు ప్రసిద్ధి చేసిన పట్టు ఇది. బోర్లాపడినవాడి రెండు కాళ్ళనూ మడిచి పట్టుకుని వెనక్కి కూర్చుంటే నడుము మీద భారం పడుతుంది. హెన్నిగ్‌కు అప్పటికే వెన్నులో తీవ్రమైన గాయం ఉంది, ఆ తర్వాత ఏడాదికి పైగా అతను రింగ్‌లో పోటీ పడలేదు. ఈ పట్టులో ఒత్తిడి ఎంతో నిర్ణయించేది వేసినవాడి మోకాళ్ళు. అవి మరింత వంగి అతను కిందికి కూర్చునేకొద్దీ ప్రత్యర్థి వెన్ను విరుగుతుంది, అతను తన బరువును తన తొడల మీదే నిలుపుకుంటే ఆకారం అలాగే ఉండి భారం తగ్గుతుంది. షార్ప్‌షూటర్‌ను మళ్ళీ చూసేటప్పుడు కిందపడినవాడి ముఖం నుంచి చూపు తిప్పి, పైనున్నవాడి మోకాళ్ళ వంపును గమనించండి. ఆ పట్టులో ఎంత నిజం, ఎంత జాగ్రత్త ఉన్నాయో అక్కడే తెలుస్తుంది.